పియొనీలకి ఆకులు గుబురుగా వస్తున్నాయి, పూలు మాత్రం రావట్లేదు, ఏం చెయ్యాలి?

నోవై పెరడు:

అందరికీ నమస్తే అండీ. మాది మిషిగన్‌లో నోవై. కొన్నేళ్ళ కింద ఒక పాత ఇల్లు కొనుక్కున్నాం, దాని సైడ్ యార్డ్‌లో ఫెన్స్ పొడుగునా పియొనీ పొదలు వరసగా ఉన్నాయి. ఎవరు ఎప్పుడు పెట్టారో తెలీదు, పక్కింటి పెద్దావిడ మాత్రం తను ఈ వీధికి వచ్చేసరికే ఇవి ఉన్నాయంటుంది. ఒకప్పుడు జూన్ వచ్చిందంటే పూల బరువుకి కొమ్మలు నేలకి ఆనేవంట, వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళు ఆగి వాసన చూసి వెళ్ళేవాళ్ళంట.

మాకు మాత్రం రోడ్డు వైపు చివరన ఉన్న పొద ఒక్కటే పూస్తుంది. ఆ పువ్వు చూస్తే మతి పోతుంది, లేత గులాబీ రంగు, రేకుల మీద రేకులు, అరచెయ్యంత పెద్దది. మిగతా వాటికి ఆకు నిగనిగలాడుతూ నడుమెత్తు పెరుగుతుంది అంతే. కొన్నిటికి మొగ్గే రాదు, కొన్నిటికి బఠాణీ గింజంత మొగ్గ వచ్చి అక్కడే ఆగిపోయి నల్లగా మాడిపోతుంది.

ఇంకొన్ని వివరాలు, ఏది పనికొస్తుందో తెలీక అన్నీ రాస్తున్నా. ఫెన్స్ అవతల పక్కవాళ్ళ మేపుల్ చెట్టు బాగా పెరిగిపోయి మధ్య పొదల మీదకి వచ్చేసింది. ఏటా స్ప్రింగ్‌లో ల్యాండ్‌స్కేపింగ్ వాళ్ళు వచ్చి నల్ల మల్చ్, అంటే నేల మీద కప్పే చెక్క పొట్టు, మందంగా పరిచి వెళ్తారు, లాన్‌కి ఫర్టిలైజర్ సర్వీస్ కూడా ఉంది. ఇప్పుడు మే మధ్యకి వచ్చాం, పూసే పొద మొగ్గల నిండా చీమలే, మావారు స్ప్రే కొట్టేద్దాం అంటున్నారు, పిల్లలేమో చీమలకి భయపడి అటు వెళ్ళట్లేదు. చీమలు రాకపోతే మొగ్గ విచ్చుకోదని ఎక్కడో విన్నాను, నిజమేనా?

ఈ నెలాఖరుకి అమ్మ గుంటూరు నుంచి వస్తోంది. ఫోటో చూసినప్పటి నుంచి ఆ పూలు దేవుడికి పెట్టాలని తన ఆశ. పొదలు తవ్వి ఎండ ఉన్న చోటికి మార్చాలా, ఎప్పుడు మార్చాలి, చచ్చిపోతాయా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

కొలంబస్ తోట:

మీ పోస్ట్‌లోనే సగం సమాధానం ఉందండీ. ఎండ తగిలే పొద పూస్తోంది, మేపుల్ కిందవి పూయట్లేదు. పియొనీకి రోజుకి కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడాలి, అంతకన్నా తగ్గితే ఆకులు వస్తాయి, పూలు రావు. పైగా మేపుల్ వేర్లు పైపైనే చాలా దూరం పాకుతాయి కాబట్టి నీళ్ళూ అవే తాగేస్తాయి, ఎరువూ అవే తినేస్తాయి.

కానీ నాకు ఎండ కన్నా మల్చ్ మీదే ఎక్కువ అనుమానం. పియొనీ దుంప మీద ఎర్రగా మొలకలు ఉంటాయి, అల్లం కొమ్ము మీద వచ్చే మొలకల్లాగా, వాటిని ఇక్కడ ఐస్ (eyes, కళ్ళు) అంటారు. వచ్చే ఏడాది కొమ్మలూ పూలూ అన్నీ వాటి నుంచే. ఆ ఐస్ నేల పైనుంచి రెండు ఇంచుల లోపే ఉండాలి, మన ఒహాయో, మిషిగన్ లాంటి చలి చోట్ల ఒకటిన్నర నుంచి రెండు ఇంచులు సరిగ్గా సరిపోతుంది. అంతకన్నా లోతుకి పోతే మొక్క చావదు, ఆకులు ఏటా చక్కగా వేస్తుంది, పూయడం మానేస్తుంది. మొదట పెట్టినవాళ్ళు సరైన లోతులోనే పెట్టి ఉంటారు, లేకపోతే పక్కింటావిడ చెప్పినన్ని పూలు వచ్చేవే కావు కదా. ఏటా మల్చ్ పడుతూ, కింద పాతది కుళ్ళి మట్టి అవుతూ, దాని మీద మళ్ళీ కొత్తది పడుతూ ఉంటే నేల మట్టం పైకి వచ్చేసి దుంప లోతుకి పోయినట్టే.

కాబట్టి ముందు చేత్తో మెల్లిగా, పార వద్దు, కొమ్మల మొదట్లో మల్చ్ అంతా తీసేసి ఒక పొద దగ్గర ఐస్ ఎంత లోతులో ఉన్నాయో స్కేల్ పెట్టి చూడండి. ఇప్పుడు మొక్క మాంచి ఎదుగుదలలో ఉంది కాబట్టి వేరు కదిలించొద్దు. ల్యాండ్‌స్కేపింగ్ వాళ్ళకి పియొనీల మొదట్లో మల్చ్ వెయ్యొద్దని గట్టిగా చెప్పండి, వాళ్ళు అన్ని మొక్కలకీ ఒకే తీరుగా వేసుకుంటూ పోతారు.

లాన్ ఫర్టిలైజర్ సంగతి కూడా ఉంది. అందులో నైట్రోజన్ ఎక్కువ, అది ఆకు కోసం. వాళ్ళు స్ప్రెడర్ తోసుకుంటూ వెళ్ళేటప్పుడు ఆ గింజలు మీ పియొనీ బెడ్‌లోకి కూడా పడతాయి, ఆకులు నిగనిగలాడుతూ పూలు లేకపోవడానికి ఇదీ ఒక కారణం. పియొనీకి అసలు పెద్దగా ఎరువు అక్కర్లేదు, వెయ్యాలనుకుంటే 5-10-10 లాంటిది, అంటే నైట్రోజన్ తక్కువ ఉండేది, పూలు అయిపోయాక ఒక గుప్పెడు, అదీ మొదట్లో కాకుండా కొంచెం దూరంగా చుట్టూ చల్లండి. అమ్మ వచ్చాక పేడ ఎరువు వెయ్యమంటారు చూడండి, మా అత్తగారు కూడా అలాగే అంటారు, మన ఊళ్ళో మల్లెకీ కనకాంబరానికీ అది అమృతమే కానీ పియొనీ దుంపకి తగిలేలా వేస్తే కుళ్ళిపోతుంది.

మిన్నెసోటా చలి:

అక్కా, చీమల మందు కొట్టొద్దని బావకి చెప్పు. మొగ్గ కింద పచ్చ రెక్కలుంటయి గదా, వాటి అంచులకెళ్ళి తీపి రసం వస్తది, చీమలు దానికోసమే వస్తయి. మొగ్గను అవి ఏమీ తినవు, ఇంకా మంచిదే, మొగ్గను కొరికే వేరే పురుగుల్ని దగ్గరికి రానియ్యవు. చీమలు లేకుంటే పువ్వు విచ్చుకోదన్నది ఉత్త మాట, చీమ ఒక్కటి లేకున్నా మంచిగ విచ్చుకుంటది. పువ్వు పూర్తిగ విచ్చుకున్నాక తీపి అయిపోతది, అవే పోతయి. పిల్లలకి గిదే చెప్పి దగ్గరికి తీస్కపోయి సూపిస్తే భయం పోతది, మా పిల్లలైతే ఏ మొగ్గ మీద ఎన్ని చీమలున్నయో లెక్క పెడ్తరు.

ఇగ మాడిపోతున్న మొగ్గల గురించి. అది రెండు తీర్ల అయితది. మొగ్గ ఒట్టిగ ఎండిపోయి గట్టిగ ఉంటే నీడ, లోతు, పోయిన ఎండకాలం నీళ్ళు సాలకపోవుడు, లేకుంటే మొగ్గ వచ్చినంక లేటుగ మంచు పడుడు, ఇవి చూస్కోవాలె. గట్ల కాకుండ మొగ్గ మీద బూడిద రంగు బూజు ఉండి, కొమ్మ మొదట్ల నల్లగయ్యి మెత్తబడి వాలిపోతే అది బొట్రైటిస్, ఫంగస్. వానలు ఎక్కువ పడి సల్లగ ఉన్న స్ప్రింగ్‌ల బాగా వస్తది. గట్ల ఉన్న కొమ్మను కిందికెళ్ళి కోసి కవర్ల కట్టి చెత్తల పడెయ్యాలె, కంపోస్ట్‌ల మాత్రం వెయ్యొద్దు, అక్కడ్నే బతికి మళ్ళ వస్తది. కోసినంక కత్తెర కూడా స్పిరిట్‌తోని తుడువున్రి.

మీ ఇంటికాడ మల్చ్ మందంగ ఉంది, నీడ ఉంది, అంటే తడి ఆరదు, ఫంగస్‌కి గదే కావాలె. స్ప్రింక్లర్ నీళ్ళు ఆకుల మీద పడుతున్నయా సూడు, నేల మీదనే పడాలె. అక్టోబర్‌ల మంచు తగిలి ఆకు పండిపోయినంక కొమ్మలన్ని నేల దాక కోసి పడెయ్యి, రాలిన ఆకు ఒక్కటి గూడ ఉంచకు, దాని మీదనే ఫంగస్ చలికాలం దాటుతది. గా పని ఒక్కటి ఏటా చేస్తే మందులతోని అవసరమే పడదు. ఆగస్టుల ఆకుల మీద తెల్లగ పౌడర్ లెక్క వస్తే దానికి రంది పడకు, సూడనీకి బాగుండదు గాని దుంపకి ఏం గాదు. మరి అది సూసి ఆగస్టుల్నే కోసెయ్యొద్దు, వచ్చే ఏడాది మొగ్గకి తిండి ఆ ఆకులే చేస్తయి.

మా దగ్గర కొన్ని చలికాలాలు మైనస్ 20 ఫారెన్‌హీట్ కంటే కిందికి పోతది, గంత చలిల గూడ పియొనీకి ఏం గాలే. చలికి భయపడే మొక్క కాదిది, నీడకి భయపడే మొక్క.

నోవై పెరడు:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. పొద్దున్నే మల్చ్ తీసి చూశాను, కొలంబస్ గారు చెప్పినట్టే ఉంది, పైన కొత్త మల్చ్, దాని కింద కుళ్ళి నల్ల మట్టి అయిపోయిన పాతది, అదంతా దాటాక గానీ ఎర్ర మొలకలు కనపడలేదు, నేల పైనుంచి నాలుగు ఇంచుల పైనే ఉంది. పూసే పొద దగ్గర మాత్రం డ్రైవ్‌వే అంచు కదా, మల్చ్ పల్చగా ఉంది, అక్కడ రెండు ఇంచులు కూడా లేదు. మాడిన మొగ్గల మీద బూజు లేదు, గట్టిగా ఎండిపోయి ఉన్నాయి. మావారికి చీమల పోస్ట్ చదివి వినిపించాను, స్ప్రే గ్యారేజ్‌లో పెట్టేశారు.

ఇప్పుడు మధ్యలో ఉన్నవి మార్చాలా, లేక మల్చ్ తీసేసి వదిలేస్తే సరిపోతుందా? మేపుల్ చెట్టు పక్కవాళ్ళది కాబట్టి కొట్టించలేం.

ఆన్ ఆర్బర్ నుంచి:

నోవై నుంచి మాకు అరగంట దూరమే కదండీ, ఒక పని చెయ్యండి, మీ అమ్మగారు రాగానే ఆన్ ఆర్బర్‌లో నికల్స్ ఆర్బొరీటమ్‌కి తీసుకురండి. యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ వాళ్ళది, అక్కడి పియొనీ గార్డెన్ 1927లో తెరిచారు, కలమజూలో మందుల కంపెనీ పెట్టిన అప్‌జాన్ గారు తన తోటలోని పియొనీలు ఇస్తే మొదలైంది. పాతకాలపు పియొనీ రకాలు ఉత్తర అమెరికాలో అంత పెద్ద సంఖ్యలో ఒకచోట ఇంకెక్కడా లేవు. మే చివరి నుంచి జూన్ మధ్య దాకా పూస్తాయి, టికెట్ ఏమీ లేదు. ప్రతి రకానికీ పేరు రాసి ఉంటుంది కాబట్టి మీ పువ్వు ఫోటో పట్టుకెళ్ళి పోల్చి చూసుకోవచ్చు. లేత గులాబీ, ముద్ద పువ్వు, పాత ఇల్లు అన్నారు కాబట్టి నాకు శారా బెర్నార్ట్ అనిపిస్తోంది, 1906లో ఫ్రాన్స్‌లో లెమోయిన్ వాళ్ళు తెచ్చిన రకం, ఈ దేశంలో పాత ఇళ్ళ ముందు చాలాచోట్ల అదే ఉంటుంది. పూలు చూడకుండా ఖాయంగా చెప్పలేం అనుకోండి.

ఇక మార్చడం. ఎండ సరిపోని పొదల్ని మార్చాల్సిందే, మల్చ్ తీసినా నీడ అలాగే ఉంటుంది కదా. సగం ఎండ తగిలేవి మాత్రం మల్చ్ తీసేసి ఇంకో ఏడాది చూడండి. మార్చేది ఇప్పుడు కాదు, సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మొదటి వారాల్లో, నేల గడ్డకట్టడానికి ఆరు వారాల ముందు అయితే కొత్త వేర్లు పడతాయి. స్ప్రింగ్‌లో కదిలిస్తే బతుకుతుంది కానీ చాలా వెనకబడుతుంది.

కొమ్మలు కోసేసి, పొదకి చుట్టూ దూరం నుంచి తవ్వుకుంటూ రండి, పాత పొద కదా, వేర్లు లావుగా, లోతుగా, పెళుసుగా ఉంటాయి, ఒక్కళ్ళతో అయ్యే పని కాదు. బయటికి తీశాక మట్టి కడిగేసి ఒక రోజు నీడలో వదిలేస్తే వేరు కొంచెం మెత్తబడి విరగకుండా ఉంటుంది. తర్వాత కత్తితో ముక్కలు చెయ్యండి, ప్రతి ముక్కకీ మూడు నుంచి ఐదు ఐస్, వాటి కింద మంచి వేరు ఉండాలి. మరీ చిన్న ముక్కలు చేస్తే పూలకి ఏళ్ళు పడుతుంది, పాత పొదని ముక్కలు చెయ్యకుండా అలాగే పెట్టడం కూడా మంచిది కాదు. గొయ్యి అడుగున్నర వెడల్పు, అంతే లోతు తవ్వి మట్టి వదులు చేసి, దాన్ని మళ్ళీ నింపి బాగా తొక్కి నీళ్ళు పోసి కుంగనిచ్చి, ఆ తర్వాత దుంప పెట్టండి. లేకపోతే పెట్టేటప్పుడు రెండు ఇంచులున్నది వానలకి మట్టి కుంగి నాలుగు ఇంచులు అవుతుంది, చాలామందికి లోతు సమస్య అక్కడే వస్తుంది. పొదకీ పొదకీ మూడు నాలుగు అడుగులు వదలండి. ఇదివరకు పియొనీ ఉన్న గోతిలోనే మళ్ళీ పియొనీ పెట్టొద్దు. మన ఏరియాలో బంకమట్టి ఎక్కువ, నీళ్ళు నిలిచే చోటు అయితే బెడ్ కొంచెం ఎత్తు చేసుకోండి. మొదటి చలికాలం మాత్రం నేల గడ్డకట్టాక పైన గడ్డి కప్పి, మార్చిలో తీసెయ్యండి, లేకపోతే మంచు కరిగి మళ్ళీ గడ్డకడుతూ కొత్త దుంపని పైకి నెట్టేస్తుంది.

మార్చిన తర్వాత మొదటి ఏడాది పూలు ఆశించొద్దు, రెండో ఏడాది ఒకటో రెండో, మూడో ఏడాది నుంచి అసలు పూత. ఆ తర్వాత మీ పిల్లల పిల్లలు కూడా కోసుకోవచ్చు, ఒకచోట కుదురుకున్న పియొనీ యాభై ఏళ్ళు దాటి బతుకుతుంది, ముట్టుకోకుండా ఉంటే చాలు.

క్యారీ మొక్కలు:

నార్త్ కరోలినా వాళ్ళు ఎవరైనా చదువుతుంటే ఒక మాట, పైన చెప్పిన లెక్కలు మనకి కొంచెం మారతాయి. మనకి చలి తక్కువ కాబట్టి ఐస్ ఇంకా పైకి, ఇంచు లోపే పెట్టాలి, చలి బాగా తగలాలని. పొద్దుటి ఎండ పూర్తిగా, మధ్యాహ్నం రెండు దాటాక కాస్త నీడ ఉండే చోటు అయితే పువ్వు వాడిపోకుండా ఉంటుంది. రకం ఎంచుకోవడం ముఖ్యం, లేటుగా పూసే ముద్ద పూల రకాలు మన ఎండలకి విచ్చుకోకముందే మాడిపోతాయి, కోరల్ చార్మ్ లాంటి త్వరగా పూసేవి నయం. ఈతో రకాలు కూడా బాగా తట్టుకుంటున్నాయి, మా ఇంట్లో బార్ట్‌జెల్లా ఉంది, పసుపు పచ్చ పూలు, కొమ్మ గట్టిది కాబట్టి వానకి వాలిపోదు, ఆసరాకి చుట్టూ హూప్ (తీగ రింగ్) పెట్టాల్సిన పని లేదు. ఈ రకాలని చెట్టు పియొనీనీ (కొమ్మలు చెక్కలా గట్టిపడే రకం) మామూలు పియొనీనీ కలిపి జపాన్‌లో తోయిచి ఈతో అనే ఆయన 1948లో చేశారు, ఎన్నో పూలని చేత్తో పరాగ సంపర్కం చేస్తే కొన్ని విత్తనాలు దక్కాయి, అవి పూసే లోపే ఆయన పోయారు. ఆ పసుపు పువ్వు చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

ఒక జాగ్రత్త, ఫాల్‌లో అన్నీ నేల మట్టానికి కోసెయ్యొద్దు. మామూలు పియొనీకి సరే, ఈతోకి కింద నాలుగైదు ఇంచుల కొమ్మ వదలండి, చెట్టు పియొనీ అయితే కొమ్మలు అసలు కొయ్యకూడదు, ఆకులు తీస్తే చాలు.

కూకట్‌పల్లి బాల్కనీ:

నేను హైదరాబాద్ నుంచి అండి, ఈ ఫోటోలు చూసి చాలా ఇష్టం కలిగింది. ఇక్కడ ఆన్‌లైన్‌లో పియొనీ బల్బ్‌లు, విత్తనాలు అమ్ముతున్నారు, కుండీలో పెడితే పూస్తాయా?

కొలంబస్ తోట:

కొనకండి తమ్ముడూ, డబ్బులు దండగ. పియొనీకి చలికాలం నిద్ర కావాలి, కొన్ని వారాల పాటు 4, 5 డిగ్రీల సెల్సియస్ కంటే కింద చల్లదనం తగిలితే గానీ దుంపలో మొగ్గ కదలదు. హైదరాబాద్‌లో జనవరిలో తెల్లవారుజామున ఏదో ఒకటి రెండు రోజులు చలి వేసినా మధ్యాహ్నానికి మళ్ళీ వేడే కదా. నిజమైన దుంప పెట్టినా ఒక ఏడాది ఆకు వేసి తర్వాత పోతుంది. పైగా పియొనీకి గుండ్రటి బల్బ్ ఉండదు, ముల్లంగి గడ్డల్లా పొడుగు వేర్లుంటాయి, బల్బ్ అని అమ్ముతున్నారంటేనే అనుమానించాలి. విత్తనం సంగతి ఇంకా కష్టం, మొలవడానికే రెండు చలికాలాలు పట్టొచ్చు, మొలిచాక పువ్వుకి ఇంకో నాలుగైదేళ్ళు.

మన దేశంలో పియొనీ లేకపోలేదు. కాశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండ అడవుల్లో పియోనియా ఎమోడి అని సహజంగానే పెరుగుతుంది, తెల్లటి ఒంటిరేకు పువ్వు, మధ్యలో పసుపు కేసరాలు, సుమారు 1800 మీటర్ల ఎత్తు దాటాక కనిపిస్తుంది. మేలో అటు వెళ్తే వెతకండి. బాల్కనీకైతే డాలియా పెట్టుకోండి, అక్టోబర్‌లో నాటితే జనవరికి అరచెయ్యంత ముద్ద పూలు, హైదరాబాద్ చలికి సరిగ్గా సరిపోతుంది.

నోవై పెరడు:

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. సెప్టెంబర్‌లో మధ్య పొదలు డ్రైవ్‌వే పక్కకి మార్చేస్తాం, మావారు ఒప్పుకున్నారు. ఒకటే చివరి డౌట్, అమ్మ ఫ్లైట్ 30న దిగుతుంది, పూసే పొద మీద మొగ్గలు ఇప్పటికే ఉబ్బాయి, ఈ లోపే విచ్చుకుని రాలిపోతాయేమో అని భయంగా ఉంది. ఆపే మార్గం ఉందా?

మిన్నెసోటా చలి:

ఉంది అక్కా, ఫ్రిజ్‌ల పెట్టుడే. మొగ్గకి రంగు కనపడి, రెండు వేళ్ళతోని నొక్కితే మెత్తగ తగిలినప్పుడు కొయ్యి, ఈడ దాన్ని మార్ష్‌మెలో స్టేజ్ అంటరు. గట్టిగ ఉన్నప్పుడే కోస్తే తర్వాత విచ్చుకోదు. పొద్దుగాల సల్లగ ఉన్నప్పుడు కోసి, చీమలు దులిపి, ఆకులన్ని తీసి, నీళ్ళల్ల పెట్టకుండ పొడిగనే పేపర్ల చుట్టి కవర్ల పెట్టి ఫ్రిజ్‌ల పండవెట్టు. రెండు మూడు వారాలు ఆగుతది. పక్కన అరటిపండ్లు, యాపిల్ ఉండొద్దు, వాటి గ్యాస్‌కి మొగ్గ పాడయితది. అమ్మ వచ్చే ముందు రోజు బయటికి తీసి కొమ్మ చివర కొంచెం కోసి గోరువెచ్చటి నీళ్ళల్ల పెట్టు, తెల్లారేసరికి విచ్చుకుంటది.

అన్ని కోసెయ్యకు మల్ల, పొద మీద మూడింట రెండు వంతులు ఉంచాలె, కోసిన చోట పొద మీద మిగిలే కొమ్మకి గూడ రెండు మూడు ఆకులు వదిలి కొయ్యి, లేకుంటే వచ్చే ఏడాది పూత తగ్గుతది. ఇంట్ల పిల్లి, కుక్క ఉంటే అందకుండ పెట్టు, తింటే వాటికి కడుపు ఖరాబైతది.